ఎద్దు మెడ మీద కాడి



ఈ ఏడు మాస్టారి స్మారకోపన్యాసం నన్ను ఇవ్వమని కమిటీ వారు అడిగినప్పుడు వెంటనే ఒప్పుకోలేకపోయాను. ఆయనకు ఉపన్యాసాలంటే పడేది కాదు. సభకు వస్తే తలుపు పక్కన కుర్చీ చూసుకొని కూర్చునేవారు. మాట్లాడేవాడు దారి తప్పితే చప్పుడు కాకుండా లేచిపోవడానికి అది అనువైన చోటు. ఇవాళ ఆ కుర్చీల్లో ఉన్నవాళ్లకు నేనూ ఆ వెసులుబాటు ఇస్తున్నాను. నిజానికి ఈ గంటలో నేను చెప్పాలనుకున్నది ఆ కుర్చీ గురించే.

ఆయన మాకు డ్రాయింగు చెప్పారు. జనగామ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. ఏడో తరగతిలో ఒకరోజు ఎద్దుల బండి వేయమన్నారు. క్లాసులో అందరికంటే నేనే బాగా వేశానని నాకు గట్టి నమ్మకం. చక్రానికి ఆకులు కూడా లెక్కపెట్టి వేశాను. మాస్టారు చూశారు గానీ మార్కులు వేయలేదు. "ఇంటికి తీసుకపోయి మీ నాయనమ్మకు చూపెట్టు. ఆమె ఏమంటే అది కింద రాసుకొని రా" అన్నారు. నాయనమ్మకు చదువు రాదు, చూపూ అంతంత మాత్రమే. కాగితం కంటి దగ్గర పెట్టుకొని కాసేపు చూసి, "గీ కాడి మూపురం ఎనక ఏసినవేందిరా? ముందర మెడ మీద పడాలె గద. ఇట్ల కడితె ఎద్దెట్ల గుంజుతది?" అంది. మర్నాడు ఆ మాటే రాసుకెళ్లి చూపించాను. మాస్టారు చక్రానికి అయిదు, ఎద్దుకు సున్నా వేశారు.

ఆ క్లాసులో నలభై మందిమి ఉండేవాళ్లం. ఆ వారం నలభై ఇళ్లలో ఎవరో ఒకరు మాస్టారి తరఫున బొమ్మలు దిద్దారు. ఒకడి బొమ్మను వాళ్లింటి పాలేరు దిద్దాడు. ఆ కాగితం మీద వేలిముద్ర ఉండేది.

నేను పాతికేళ్లుగా చేస్తున్న పనికి ఈమధ్య చాలా పేర్లు వచ్చాయి. కమ్యూనిటీ ఆర్ట్ అంటారు, పబ్లిక్ ఆర్ట్ అంటారు, భాగస్వామ్య కళ అంటారు. దరఖాస్తు ఫారంలో ఏ పేరు ఉంటే మేమూ ఆ పేరే రాస్తాం. ఊళ్లో మాత్రం "బొమ్మలోళ్లు వచ్చిండ్రు" అంటారు, అంతే. స్థానికులతో కలిసి ఒక కళాకృతి చేయాలంటే దాని రూపకల్పన ఎట్లా ఉండాలి అన్నది ఇవాళ్టి విషయం. దానికి నా దగ్గరున్న మొదటి ఉదాహరణ, మేం చెడగొట్టిన గోడ.

ఆ ప్రాజెక్టుకు డబ్బిచ్చిన సంస్థ మార్చి 31లోపు లెక్కలు అప్పజెప్పమంది. మేం ఫిబ్రవరి చివర ఊళ్లోకి దిగాం. అవి మిరపకాయలు ఏరే రోజులు. పొద్దున ఏడుకల్లా ఊరు ఊరంతా చేలలో ఉంటుంది. మేం పదకొండు గంటలకు బడిలో 'సంప్రదింపుల సమావేశం' పెట్టాం. వచ్చినవాళ్లు పద్దెనిమిది మంది. రిజిస్టరులో సంతకాలు పెట్టించాం, చాయ్ ఇచ్చాం, ఫోటో తీశాం. పన్నెండు రోజుల్లో పంచాయతీ గోడ నిండా బొమ్మలు వేశాం. నాట్లు వేసే ఆడవాళ్లు, బతుకమ్మ, తాటిచెట్టు ఎక్కుతున్న గౌడన్న, నెత్తి మీద బిందెలు. కొబ్బరికాయ కొట్టారు, అందరూ చప్పట్లు కొట్టారు. దసరాకు వెళ్లి చూస్తే సగం గోడకు సున్నం కొట్టి, దాని మీద పింఛను ఇచ్చే తేదీలు రాసి ఉన్నాయి.

నాకు కోపం వచ్చింది. బస్టాండు దగ్గర హోటల్ పెద్దాయనను నిలదీసినట్టే అడిగాను. ఆయన నింపాదిగా, "మంచిగనె ఉండె సార్. గని మా ఊర్ల తాటిచెట్టు ఒక్కటన్న ఉన్నదా? అన్నీ ఈదులే గద" అన్నాడు. నిజమే. పన్నెండు రోజులు ఆ ఈతవనం పక్కనుంచే నడిచి వెళ్లాం. తాటిచెట్టు మా తలల్లో ఉన్న తెలంగాణ బొమ్మలోది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాను. "మీరు ఎట్లున్నదని అడిగిండ్రు. ఇంటికొచ్చినోళ్లు ఎట్లున్నదంటే మంచిగున్నదనే అంటం గద."

ఈ ఒక్క మాట అర్థం చేసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మేం ఊరివాళ్ల చేత కుంచె పట్టించగలిగాం, ముగ్గులు వేయించగలిగాం. 'ఇది తప్పు' అనడానికి మాత్రం, మాస్టారి తలుపు పక్కన కుర్చీ లాంటి చోటు వాళ్లకు ఎక్కడా పెట్టలేదు. చివరికి ఆ చోటును వాళ్లే సున్నంతో సంపాదించుకున్నారు.

ఆ ఊరి నుంచి చేర్యాల ఎంతో దూరం లేదు. ఆ చోటును ఎట్లా కట్టాలో అక్కడ కథల పటాలు రాసే నకాషీ వాళ్లకు ఎప్పుడో తెలుసు. పటం కథ సంగతి మీలో చాలామంది ఎరుగుదురు గానీ, దాన్ని అందమైన బొమ్మగా కాకుండా ఒక ఒప్పందంగా ఒకసారి చూడండి. కూనపులి వాళ్లు పద్మశాలీలకు కథ చెబుతారు. గౌడజెట్టి వాళ్లు గౌడులకు, కాకిపడగల వాళ్లు ముదిరాజులకు, డక్కలి వాళ్లు మాదిగలకు. పుస్తకాల్లో ఆశ్రిత కులాలు అని రాస్తాం. ఏ ఊళ్లో ఎవరు చెప్పాలో, ఎవరు ఎంత ఇవ్వాలో మిరాశీ లెక్క ఉంటుంది. పటం పాడైపోతే కథకుడు నకాషీ ఇంటికి వస్తాడు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తిరుమణి బంక కలిపి పట్టించి ఆరబెడతారు. మూడడుగుల వెడల్పు, పొడవు ముప్పయి అడుగులు, ఒక్కోసారి అంతకు రెట్టింపు. ఎర్రటి నేల మీద గడులు గడులుగా కథ నడుస్తుంది.

ఆ గడుల వరస చిత్రకారుడి ఇష్టం కాదు. కథకుడు రాత్రిపూట పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, ఒక్కో బొమ్మనూ చూపిస్తూ పాడాలి. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషికి భద్రావతితో పెళ్లి జరిగే ఘట్టం ఒక గడి ముందుకు జరిగిందంటే పాట తడబడుతుంది. కాబట్టి కథకుడు ఒప్పుకుంటేనే పటం ఇల్లు దాటుతుంది. ఎదురుగా కూర్చున్న పద్మశాలీలకూ ఆ కథ చిన్నప్పటి నుంచి తెలుసు. పులి మీద స్వారీ చేసే భావనారుషిని గుర్రం ఎక్కిస్తే ఊరుకోరు. అంటే నకాషీ కుంచె వెనక రెండు అంచెల తనిఖీ ఉంది. పాడేవాడిది ఒకటి, ఎవరి పురాణమో వాళ్లది రెండోది. తప్పు పట్టగలిగిన మనుషులు తప్పు పట్టగలిగిన సమయంలోనే అక్కడ ఉంటారు. పనికిరాని పాత పటాన్ని నీళ్లలో వదిలేస్తారు. అది మ్యూజియంలో ఉండాల్సింది కదా అని మనలాంటి వాళ్లు బాధపడతాం. వాళ్ల దృష్టిలో దాని పని అయిపోయింది.

సినిమా, ఆ తర్వాత టీవీ వచ్చాక పటాలు రాయించేవాళ్లు తగ్గిపోయారు. చేర్యాల చేతులు ఇప్పుడు ముఖాల బొమ్మలు, చిన్న చిన్న ఫ్రేములు చేస్తున్నాయి. దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు, వాళ్లు బతకాలి. కానీ హైదరాబాదులో డ్రాయింగ్ రూముకు ఒక గడి బొమ్మ కొనే మనిషి భావనారుషి ఎవరో తెలియకుండానే కొంటాడు. రంగు బాగుందంటాడు, ధర అడుగుతాడు. 'ఇక్కడ తప్పింది' అనే కొనుగోలుదారు ఆ బజారులో లేడు. కొత్త పోషకుడు డబ్బు తెచ్చాడు గానీ ఆ తనిఖీని తేలేకపోయాడు.

ఇట్లా చెబితే పాతకాలం స్వర్గమన్నట్టు వినిపిస్తుందేమో. కాదు. ఎవరికి ఎవరు పాడాలో పుట్టుకే నిర్ణయించిన ఏర్పాటు అది. జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్లను అదే ఊరు ఎంత దూరంలో నిలబెట్టిందో మనకు తెలుసు. నేను ఆ పద్ధతి లోపలి మరను చూపిస్తున్నాను, ఇల్లు మొత్తాన్ని తిరిగి కట్టమనడం లేదు.

కొత్త కాలంలో, కులం కట్టుబాటు లేకుండా, ఆ మరను తిప్పడానికి ప్రయత్నించిన పని ఒకటి మనకు పొరుగునే ఉంది. బస్తరు. అక్కడి రాజవంశం తాము ఓరుగల్లు కాకతీయుల వారమని చెప్పుకుంది కాబట్టి పరాయి ఊరేం కాదు. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే దారిలో కొండగావ్ అనే పట్నం ఉంది. డోక్రా పోత పనికి పేరున్న చోటు. బొంబాయిలో పేరున్న చిత్రకారిణి నవజోత్ అల్తాఫ్ 1990ల చివర అక్కడికి వెళ్లి, ఏళ్ల తరబడి వస్తూ పోతూ పనిచేశారు. కొయ్య చెక్కే రాజ్‌కుమార్, శాంతిబాయి, లోహం పోసే గెస్సూరామ్ ఆమెకు సహచరులు. శిష్యులూ కాదు, కూలివాళ్లూ కాదు. పేర్లు నలుగురివీ కలిపే వస్తాయి.

వాళ్లు ఎంచుకున్న చోటు చేతిపంపు. ప్రభుత్వం బోరు వేసి పంపు బిగించి వెళ్లిపోతుంది. చుట్టూ బురద, దోమలు. నీళ్లకు వచ్చేది ఆడవాళ్లూ ఆడపిల్లలూ. నిండు బిందెను నేల మీద నుంచి ఒక్క ఊపున నెత్తికెత్తుకోవాలి. రోజుకు ఎన్నిసార్లో. పంచాయతీ వాళ్లతో, నీళ్లు మోసే ఆడవాళ్లతో కూర్చొని, గీసి, చెరిపి, మళ్లీ గీసి పంపు చుట్టూ ఒక కట్టడం చేశారు. బిందె మొదట పెట్టుకోవడానికి ఒక ఎత్తు, అక్కడి నుంచి నెత్తికెత్తుకోవడానికి మరో ఎత్తు. పారే నీళ్లకు కాలువ. గోడలకు అక్కడి వాళ్ల చేతి రూపాలు. వీటిని నల్పార్‌లు అన్నారు. హల్బీ భాషలో చేతిపంపు దగ్గరి చోటు అని.

ఇందులో కళ ఎక్కడుంది, సివిల్ ఇంజనీరు చేసే పనే కదా అని ఒక సెమినారులో ఒకాయన అడిగాడు. ఆ అరుగు ఎత్తు ఎంత ఉండాలో ఎవరికి తెలుస్తుంది? ఇంజనీరు టేపు పట్టుకుంటాడు. నెత్తి మీద నీళ్లు మోసిన మనిషి తన నడుమును గుర్తు చేసుకుంటుంది. అరుగు నాలుగు వేళ్లు ఎత్తు ఎక్కువైతే మొదటి రోజే తెలిసిపోతుంది, మర్యాద కోసం 'మంచిగున్నది' అనడానికి వీల్లేదు. నడుము ఒప్పుకోదు. తాటిచెట్టు బొమ్మ విషయంలో మాకు దొరకని జవాబు అక్కడ ప్రతి ఉదయం దొరుకుతుంది. అందుకే వాడుకునే వస్తువు చుట్టూ కళను కట్టడం తెలివైన పని అంటాను. వాడకమే విమర్శ అవుతుంది.

అదే బృందం పిల్లల కోసం కట్టిన చోట్లను 'పిల్లా గుడి' అన్నారు. అది హల్బీ మాట. మనకు దుబాసీ అక్కర్లేదు. పిల్లలు చేరి కథలు చెప్పుకోవడానికీ, బొమ్మలు వేసుకోవడానికీ కట్టిన గుళ్లు. మొదటిసారి ఆ పేరు విన్నప్పుడు తెలుగు ఎంత దూరం నడిచిందా అనిపించింది. 

శాంతిబాయి గురించి ఒక మాట. స్మారక స్తంభాలు చెక్కడం మగవాళ్ల పనిగా సాగే చోట ఆమె ఉలి పట్టింది. తన బతుకునే స్తంభాల మీద చెక్కింది. ఊరితో కలిసి పనిచేయడం అంటే ఊళ్లో ఉన్నది ఉన్నట్టు కొనసాగించడమే అనుకునేవాళ్లకు ఆమెను చూపిస్తాను.

దీనికి పక్కనే మరో దారి ఉంది, దాన్నీ కలిపి చూడాలి. 1982లో భోపాల్‌లో తెరిచిన భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ తన యువ బృందాలను పల్లెలకు పంపాడు. పాటన్‌గఢ్‌లో ఇంటి గోడ మీది బొమ్మలు చూసి జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ను వెతికి పట్టుకొచ్చారు. పర్ధాన్ల కుర్రవాడు. మన ఆదిలాబాదు గోండులకు పర్ధాన్లు ఎట్లా కథ చెప్పేవాళ్లో అక్కడా అంతే. అతని ప్రతిభ ప్రపంచానికి తెలిసింది, అతని వెనక ఒక చిత్రకళా సంప్రదాయమే పుట్టింది. 2001లో జపానులో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ, నలభై నిండకుండానే, అక్కడే ప్రాణం తీసుకున్నాడు. స్వామినాథన్ చేసినది గొప్ప పనే. కానీ అది ఊరి నుంచి ఒక మనిషిని బయటికి తేవడం. ఊరితో కలిసి చేయడం వేరే పని. మన ప్రాజెక్టుల్లో సగం మొదటిది చేస్తూ రెండోదాని పేరు రాసుకుంటాయి.

మళ్లీ మన నేలకు వస్తాను. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళా రైతులు. చదువు లేనివాళ్లు కెమెరా పట్టి సినిమాలు తీశారు, 2008లో మాచునూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర కడతారు. ఎడ్లబండ్లను అలంకరించి, జొన్నలు, కొర్రలు, సామలు, పప్పు గింజల పాత విత్తనాలు పెట్టుకొని నెల రోజుల పాటు ఊరూరూ తిరుగుతారు. ఆ బండ్ల కంటే మంచి ప్రదర్శనశాలను నేను చూడలేదు. కాడి మెడ మీదే ఉంటుంది, మా నాయనమ్మ సాక్షిగా.

కెమెరా నేర్చుకునేటప్పుడు వాళ్లు షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్. దొర గద్దె మీద కూర్చొని కింద నిలబడ్డవాణ్ని చూసే చూపు అది. మనిషి కంటికి సమానంగా కెమెరా పెడితే సంఘం షాట్, సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి. వాళ్లు తీసే సినిమాల్లో సంఘం షాట్‌కే పెద్దపీట. ఫిల్ముల గురించి నేను చాలా పుస్తకాలు చదివాను గానీ, కెమెరా ఎత్తుకూ కులానికీ లంకె ఇంత సూటిగా చెప్పిన వాక్యం దొరకలేదు. బయటివాళ్లు కెమెరా నేర్పారు. పేర్లు పెట్టింది మాత్రం వాళ్లు. పేరు పెట్టే పని చేయి మారినప్పుడు ప్రాజెక్టు చేయి మారుతుంది.

ఇక గడువు సంగతి. జర్మనీలో కాసెల్ అనే ఊళ్లో 1982లో కళాకారుడు జోసెఫ్ బాయ్స్ ఏడు వేల బసాల్ట్ రాళ్లను మ్యూజియం ముందు కుప్ప పోయించాడు. ఊళ్లో ఒక చెట్టు నాటితే కుప్పలోంచి ఒక రాయి తీసి దాని పక్కన పాతాలి. పేరుకు ఏడు వేల ఓక్‌లు గానీ అన్నీ ఓక్ చెట్లు కావు. ఎక్కడ నాటాలో బళ్లు, వాడలు, సంఘాలు చెప్పాయి. కుప్ప తరిగిందంటే పని సాగుతున్నట్టు, తరగలేదంటే ఊరు కదలనట్టు. అప్పు పత్రాన్ని నడి బజారులో అతికించినట్టే. 1986 జనవరిలో ఆయన చనిపోయాడు. 1987లో ఆయన కొడుకు చివరి చెట్టు నాటాడు. అయిదేళ్లు. మార్చి 31 కాదు.

ఇప్పుడు మేం ఎట్లా చేస్తున్నామో చెబుతాను. గోడ మీద మొదట రంగు పెట్టం. బొగ్గుతో గీసి నెల రోజులు వదిలేసి వచ్చేస్తాం. బొగ్గును ఎవరైనా చేత్తో తుడిచేయగలరు. రంగు తుడవాలంటే సర్పంచి అనుమతి కావాలి, తేడా అంతా అక్కడే ఉంది. తిరిగి వెళ్లాక 'ఎట్లున్నది' అనకుండా 'ఏది తప్పున్నది' అని అడుగుతాం. సాయంత్రం ఏడు తర్వాత, పనులకు పోయినవాళ్లు ఇల్లు చేరాక. పగటిపూట కూర్చోబెడితే ఆ రోజు కూలీ ఇస్తాం. శాలువా కప్పి పంపడం మానేశాం. మాకు నెలజీతాలు, వాళ్లకు సన్మానాలు ఏం న్యాయం? బడ్జెట్లో 'చెరిపివేత' అని ఒక పద్దు పెడతాం, మొత్తంలో మూడో వంతు. ఒక ఆడిటరు ఈ పద్దు చూసి, వేసిన బొమ్మ చెరపడానికి ప్రజల డబ్బా అన్నాడు. ఇల్లు కట్టేటప్పుడు సెంట్రింగు చెక్కలు ఊడదీయడానికి కూలీ ఇవ్వరా అన్నాను. ఆయన సంతకం పెట్టాడు గానీ నమ్మలేదు.

ఈ పద్ధతి గెలిచిందని చెప్పి దిగిపోతే మాస్టారు ఒప్పుకోరు. రెండేళ్ల కింద ఒక ఊళ్లో బొగ్గు బొమ్మలో బోనాల ఊరేగింపు గీశాం. ముందు డప్పులు కొట్టేవాళ్లు. నెల తర్వాత వెళ్తే డప్పులవాళ్లు నలుగురూ లేరు, నున్నగా తుడిచేసి ఉంది. మిగతా ఊరేగింపు చెక్కుచెదరలేదు. ఎవరు తుడిచారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. నేను ఇంతసేపూ పొగిడిన 'వద్దు' అనే మాట అక్కడ ఎవరి నోట పలికింది? ఊరు అన్నప్పుడు ఒక్క నోరు ఉండదు. చేర్యాల పటం ఒక కులం కథ కాబట్టి ఆ చిక్కు రాలేదు. అందరి గోడ అనేసరికి వచ్చింది.

మేం డప్పులవాళ్లను మళ్లీ గీశాం. మళ్లీ తుడిచారు. మూడోసారి గీయబోతుంటే మాదిగవాడ పెద్దమనుషులు వచ్చి, "వద్దు సార్, మా వాడ గోడ మీద గీయుండ్రి, మేము చూసుకుంటం" అన్నారు. అక్కడే గీశాం. బొమ్మ చాలా బాగా వచ్చింది. డప్పు ఎట్లా పట్టుకోవాలో, వేళ్లలో చిర్ర, సిటికెన ఏది ఎట్లా ఉండాలో వాళ్లు దగ్గరుండి దిద్దించారు. ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. మా బృందంలో చిన్నవాళ్లు దాన్ని విజయం అంటారు. ఎవరి బొమ్మ వాళ్ల చేతిలోకి వచ్చింది కదా అని వాళ్ల వాదన. పెద్ద గోడ మీద ఊరేగింపు ఇప్పుడు డప్పులు లేకుండా నడుస్తోంది. నేను దాన్ని ఓటమి కిందే రాసుకున్నాను. ఈ విషయంలో మాకు ఇంకా పొసగలేదు.

మొదటి ఊరి గోడ ఏమైందని మీలో కొందరు అడగవచ్చు. పోయినేడు ఆ ఊరివాళ్లే కబురు పెట్టారు. పంచాయతీ గోడ మొత్తానికి సున్నం కొట్టించాం, మళ్లీ రండి అని. వెళ్లాం. నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. ఎండిపోయిన బావుల పేర్లన్నీ రాయాలని ముసలివాళ్లు, అదేం పీడ అని కోడళ్లు. క్రికెట్టు కప్పు గెలిచిన కుర్రాళ్ల ఫోటో వేయాలని కుర్రాళ్లు. హోటల్ పెద్దాయన ఏమీ అనలేదు, చాయ్ పోశాడు. తేలలేదు. బొగ్గు ముక్కలు పంచాయతీ బీరువాలో పెట్టి వచ్చాం. రెండు నెలల కింద ఫోన్ చేస్తే, "ఇంకా పంచాయితీ అయితనే ఉన్నది సార్, ఎంగిలిపూల బతుకమ్మ ఎల్లినంక చూద్దాం" అన్నారు.

గోడ తెల్లగానే ఉందట.